నాలుగైదు బ్రాంచీల స్కూళ్లలో టీచర్ల శిక్షణ, ప్రమోషన్లు, సన్మానం: ఏప్రిల్ నుంచి ఫిబ్రవరి దాకా ఎలా నడపాలి

విజయవాడలో రెండు, గుంటూరులో రెండు, మంగళగిరిలో ఒకటి. ఇలా నాలుగైదు బ్రాంచీలు నడిపే కరస్పాండెంట్లకు, ప్రిన్సిపాళ్లకు, ఏఓలకు (పాలనాధికారులకు) పనికొచ్చేలా రాసిన పద్ధతి ఇది. లెక్కల కోసం మొత్తం 160 మంది టీచర్లు, 70 మంది ఇతర సిబ్బంది అనుకుందాం. మీ దగ్గర తక్కువ మంది ఉంటే అంకెలు మారతాయి కానీ పద్ధతి మారదు.

ముందుగా, ఏ పని తర్వాత ఏ పని అన్న వరుస గురించి ఒక మాట. సెప్టెంబర్‌లో శాలువా కప్పిన చేతులే జూన్‌లో వారానికి 40 పీరియడ్లు అంటగడితే, టీచరుకు గుర్తుండేది పీరియడ్లే. చాలా యాజమాన్యాలు ఫంక్షన్‌తో మొదలుపెట్టి అక్కడే ఆగిపోతాయి. మీరు టైమ్‌టేబుల్‌తో మొదలుపెట్టండి. తర్వాత శిక్షణ, ఆపైన హోదా, జీతం చూడండి. ఇవన్నీ ఒక దారికి వచ్చాక సన్మానం పెట్టండి.

1. ఏప్రిల్: అన్ని బ్రాంచీలకూ ఒకే రిజిస్టర్

ఏ బ్రాంచికి ఆ బ్రాంచి ఫైలు ఉన్నంతకాలం ఎవరికీ న్యాయం జరగదు. ఒకే ఎక్సెల్ షీట్ తెరిచి 230 మందినీ అందులోకి తెండి. ఒక్కొక్కరికి ఈ వివరాలు ఉండాలి: టెన్త్ సర్టిఫికెట్‌లో ఉన్నట్టుగా పేరు, చేరిన తేదీ, బ్రాంచి, చెప్పే సబ్జెక్టు, తరగతులు, డీఎడ్ లేదా బీఎడ్ ఉందా, టెట్ అర్హత ఉందా, వారానికి ఎన్ని పీరియడ్లు, చివరి ఇంక్రిమెంట్ ఎప్పుడు, నిరుడు ఎన్ని గంటల శిక్షణ అందింది. ఆఖరి గడి ఒకటి ఉంటుంది, దాన్ని వదలొద్దు: రెండేళ్లలో ఏం చేయాలనుకుంటున్నారు? హైస్కూలుకు వెళ్లాలనా, ఇన్‌చార్జి కావాలనా, బీఎడ్ పూర్తి చేయాలనా, ప్రభుత్వ టీచరు ఉద్యోగానికి డీఎస్సీ రాయాలనా. దీన్ని ఫారం పంచి రాయించుకోకండి, ప్రిన్సిపాలే పది నిమిషాలు కూర్చుని అడగాలి. ఫారంలో అందరూ "సంస్థ అభివృద్ధికి కృషి చేయాలని" అనే రాస్తారు.

తప్పులు ఎక్కువగా దొర్లేది చేరిన తేదీ దగ్గర. విజయవాడ పటమట బ్రాంచి నుంచి గుంటూరు బ్రాడీపేటకు మారిన టీచరుకు కొత్త అపాయింట్‌మెంట్ ఆర్డర్ ఇచ్చి, పాత సర్వీసును కాగితాల్లో పోగొట్టేస్తారు. బ్రాంచీలు వేర్వేరు సొసైటీల పేరుమీద ఉంటే ఇది ఇంకా ముదురుతుంది, పీఎఫ్ కోడ్ కూడా మారిపోతుంది. అందుకని బదిలీ ఉత్తర్వులో "పూర్వ సర్వీసు కొనసాగుతుంది" అని, అసలు చేరిన తేదీతో సహా రాసి ఇవ్వండి. పదేళ్ల సన్మానానికీ, గ్రాట్యుటీకీ ఆ ఒక్క వాక్యమే ఆధారం.

2. మే: పీరియడ్ల లెక్క

రోజుకు 8 పీరియడ్లు, వారానికి 6 రోజులు, మొత్తం 48. పన్నెండు సెక్షన్లున్న బ్రాంచిలో 576 పీరియడ్లు పడతాయి. 18 మంది టీచర్లుంటే తలా 32. పదిహేను మందితో నెట్టుకొస్తుంటే తలా 38 దాటుతుంది. ఆ తేడాలోనే మీ శిక్షణ కార్యక్రమం బతుకుతుందా చస్తుందా అన్నది తేలిపోతుంది.

ఎందుకో చూడండి. నాలుగు సెక్షన్లు, సెక్షన్‌కు 40 మంది అంటే 160 నోటుపుస్తకాలు. పుస్తకానికి రెండు నిమిషాలు చొప్పున దిద్దినా 320 నిమిషాలు, అంటే 40 నిమిషాల పీరియడ్లు ఎనిమిది. 32 పీరియడ్లు చెప్పే టీచరుకు ఖాళీగా ఉండే 16లో ఎనిమిది దిద్దడానికే పోతాయి. మిగిలిన ఎనిమిదిలోనే పాఠం తయారీ, సబ్‌స్టిట్యూషన్ (రాని టీచరు బదులు క్లాసు తీసుకోవడం), తల్లిదండ్రులతో మాటలు, శిక్షణ అన్నీ ఇమడాలి. 38 పీరియడ్లు చెప్పే టీచరుకు దిద్దడం అయ్యాక మిగిలేది రెండే. అలాంటి మనిషిని శిక్షణకు పిలిస్తే ఒళ్లో పుస్తకాల కట్టతోనే వస్తుంది. తప్పు ఆమెది కాదు.

కాబట్టి టైమ్‌టేబుల్ వేసేటప్పుడు మొట్టమొదట శిక్షణ పీరియడ్లను బిగించండి, మిగతావి వాటి చుట్టూ సర్దండి. లెక్కల టీచర్లందరికీ అన్ని బ్రాంచీల్లో గురువారం 7, 8 పీరియడ్లు ఖాళీగా ఉంచాలి. సైన్సు వాళ్లకు మంగళవారం, తెలుగు, హిందీ వాళ్లకు బుధవారం, ఇలా. ఆ సమయంలో వాళ్ల సెక్షన్లకు ఆటలు, లైబ్రరీ, డ్రాయింగ్ వేయండి. టైమ్‌టేబుల్ సాఫ్ట్‌వేర్ వాడుతుంటే ఆ రెండు పీరియడ్లకు ఆ టీచర్లు అందుబాటులో లేరని ముందే నమోదు చేయాలి. టైమ్‌టేబుల్ అయ్యాక ఖాళీ వెతికితే దొరకదు.

సబ్‌స్టిట్యూషన్‌కు వారానికి రెండు పీరియడ్ల హద్దు పెట్టండి. అంతకు మించితే పీరియడ్‌కు ఇంత అని డబ్బు ఇవ్వండి. డబ్బు ఇవ్వాల్సి వస్తుందంటేనే, అవసరమైన చోట ఒక టీచరును అదనంగా తీసుకోవాలన్న ఆలోచన ఆఫీసుకు వస్తుంది.

అడ్మిషన్ల కాన్వాసింగ్ సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. మే ఎండలో ఇల్లిల్లూ తిరిగి, "ఇన్ని అడ్మిషన్లు తేవాలి" అన్న టార్గెట్‌తో నలిగిపోయిన టీచరు జూన్ మొదటి వారంలో కొత్త పద్ధతి ఏదీ నేర్చుకునే స్థితిలో ఉండదు. ఆ పనికి వేరే మనుషుల్ని పెట్టుకోండి. ఇష్టపడి వచ్చే టీచర్లుంటే విడిగా భత్యం ఇవ్వండి, టార్గెట్‌ను ఇంక్రిమెంట్‌తో ముడిపెట్టకండి.

3. జూన్ నుంచి: 50 గంటల శిక్షణ

2020 జాతీయ విద్యావిధానం ఒక్కో టీచరుకు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. సీబీఎస్ఈ స్కూళ్లకు దాని విభజన ఇలా ఉంటుంది: 25 గంటలు బోర్డు లేదా ప్రభుత్వ శిక్షణ సంస్థల ద్వారా, 25 గంటలు స్కూలు స్థాయిలో. మీ బ్రాంచీల్లో కొన్ని స్టేట్ సిలబస్ అయినా ఇదే కొలత అందరికీ పెట్టండి. లేకపోతే ఏడాదిలోపే "సీబీఎస్ఈ టీచర్లు, మామూలు టీచర్లు" అని రెండు కులాలు తయారవుతాయి.

స్కూలు స్థాయి 25 గంటలు ఇలా సర్దుకోవచ్చు. మన దగ్గర స్కూళ్లు సాధారణంగా జూన్ 12న తెరుస్తారు. దానికి ముందు మూడు రోజులు, రోజుకు 5 గంటలు, మొత్తం 15. ఉదయం 8 నుంచి ఒంటిగంటన్నర దాకా, మధ్యలో అరగంట టిఫిన్‌తో. మధ్యాహ్నం భోజనాలయ్యాక విజయవాడ ఉక్కలో పెట్టే సెషన్ పెట్టనట్టే. జూలై నుంచి ఫిబ్రవరి వరకు గురువారమో మంగళవారమో ఖాళీగా ఉంచిన పీరియడ్లలో పది సెషన్లు, ఒక్కోటి గంట. బయట 25 గంటలకు సీబీఎస్ఈ బ్రాంచీల వాళ్లు బోర్డు శిక్షణలకు వెళతారు. స్టేట్ సిలబస్ వాళ్లకు కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ వేదిక దీక్ష పోర్టల్‌లో కోర్సులున్నాయి, ఉచితం. అయితే దీక్ష కోర్సును "ఇంటి దగ్గర చేసుకోండి" అని వదిలేస్తే రాత్రి పదింటికి వీడియో నడుస్తుంటుంది, మనిషి వంటింట్లో ఉంటుంది. స్కూలు కంప్యూటర్ ల్యాబ్‌లో, స్కూలు సమయంలోనే చేయించండి. ప్రతి గంటకూ తేదీ, అంశం, సంతకం రిజిస్టర్‌లో పడాలి. సర్టిఫికెట్ ప్రతి ఒకటి ఫైల్లో, ఒకటి టీచరు చేతిలో ఉండాలి.

రెండో శనివారం ముట్టుకోకండి. అది సెలవు. సెలవురోజు పెట్టిన శిక్షణకు హాజరు ఉంటుంది, నేర్చుకోవడం ఉండదు.

ప్రయాణం కూడా ఆలోచించాలి. గుంటూరుకూ విజయవాడకూ మధ్య 35 కిలోమీటర్లకు అటూఇటుగా ఉంటుంది. గంట సెషన్ కోసం అంత దూరం తిప్పడం అన్యాయం. గంట సెషన్లు కృష్ణకు ఇటువైపు బ్రాంచీలకు ఒకచోట, అటువైపు వాటికి మరోచోట పెట్టండి. జూన్‌లో మూడు రోజులు మాత్రం అందరూ మంగళగిరి బ్రాంచిలో కలవాలి. అప్పటికి స్కూలు బస్సులు ఖాళీయే కాబట్టి వాటినే పంపండి.

ఇక సెషన్‌లో ఏం చేయాలన్నది అసలు విషయం. 160 మందిని ఒక హాల్లో కూర్చోబెట్టి మోటివేషన్ స్పీకర్‌ను పిలిస్తే చప్పట్లు వస్తాయి, మర్నాడు తరగతిలో ఏమీ మారదు. పది పన్నెండు మంది ఒకే సబ్జెక్టు టీచర్లు, ఒకే చిన్న అంశం తీసుకోవాలి. ఉదాహరణకు ఆరో తరగతి భిన్నాల కూడిక. ప్రతి టీచరూ తన తరగతి నోటుపుస్తకాలు ఐదు తేవాలి, బాగా చేసినవి కాదు, తప్పులున్నవి. మొదటి పది నిమిషాలు తప్పుల్ని గుంపులుగా విడదీస్తారు. 1/2 + 1/3 = 2/5 అని రాసినవాళ్లు ఒక గుంపు. వాళ్లు పైఅంకెలను పైఅంకెలతో, కింది అంకెలను కింది అంకెలతో కూడారు, అంటే భిన్నాన్ని ఒక సంఖ్యగా చూడడం లేదు. సగానికి ఇంకొంచెం కలిపితే సగం కన్నా తక్కువ ఎలా వచ్చిందని వాళ్లకు అనుమానమే రాలేదు. తర్వాతి పదిహేను నిమిషాలు ఒక టీచరు కాగితం మడతలతో ఆ పాఠం చెప్పి చూపిస్తారు. ఇరవై నిమిషాలు అందరూ కలిసి మర్నాటి పాఠం రాస్తారు. పది నిమిషాలు ఇద్దరిద్దరుగా చెప్పి చూసుకుంటారు. చివరి ఐదు నిమిషాల్లో ఎవరు ఏ రోజు ఏ సెక్షన్‌లో చెబుతారో రాసుకుంటారు.

ఆ తేదీయే ముఖ్యం. రెండు వారాల్లోపు మెంటర్ (దారి చూపే అనుభవమున్న టీచరు) ఆ తరగతికి వెళ్లి 20 నిమిషాలు వెనక బెంచీలో కూర్చోవాలి, అదేరోజు పది నిమిషాలు మాట్లాడాలి. ఒక మంచి విషయం, ఒక మార్పు, అంతే. తొమ్మిది లోపాల జాబితా చదివితే తర్వాతిసారి మెంటర్ వస్తున్నారని తెలిసి పిల్లలకు ముందే జవాబులు నేర్పి ఉంచుతారు. పరిశీలన కాగితాన్ని జీతాల ఫైల్లో పెట్టకూడదు. అది నేర్చుకోవడానికి, మార్కులు వేయడానికి కాదు.

తెలుగు మీడియంలో చదువుకుని ఇంగ్లిష్ మీడియంలో సైన్సు, సోషల్ చెప్పే టీచర్లు మన జిల్లాల్లో చాలామంది. వాళ్ల సబ్జెక్టు గట్టిది, మాట దగ్గర జంకుతారు. వాళ్లను అందరి ముందూ స్పోకెన్ ఇంగ్లిష్ క్లాసుకు పంపడం అవమానంగా తోస్తుంది. దాని బదులు సబ్జెక్టు సెషన్‌లోనే ఆ పాఠానికి కావలసిన పది ప్రశ్నలు, వాటికి పిల్లలు ఇవ్వగల జవాబులు ఇంగ్లిష్‌లో తయారుచేసుకుని గట్టిగా పలికి చూసే అలవాటు పెట్టండి. తెలుగులో వివరించడాన్ని నిషేధించకండి. కిరణజన్య సంయోగక్రియ ముందు అర్థమైతే ఆ తర్వాత ఏ భాషలోనైనా చెప్పగలుగుతారు.

మెంటర్లను మీ సిబ్బందిలోంచే తీసుకోండి. ఒక మెంటర్‌కు నలుగురికి మించి ఇవ్వొద్దు. వారానికి నాలుగు పీరియడ్లు తగ్గించి, నెలకు భత్యం ఇవ్వాలి. పీరియడ్లు తగ్గించకుండా "మెంటర్" అన్న బ్యాడ్జి మాత్రమే ఇస్తే, మంచి టీచరుకు మంచిగా ఉన్నందుకు శిక్ష వేసినట్టే.

4. ఎదగడానికి రెండు దారులు

బాగా చెప్పే టీచరుకు ఎదుగుదల అంటే ఇన్‌చార్జి, ఆపైన వైస్ ప్రిన్సిపాల్ అన్న ఒక్క దారే ఉంటే, ప్రతి ప్రమోషన్‌కూ ఒక మంచి తరగతి ఖాళీ అవుతుంది. అందుకని రెండు దారులు రాసి పెట్టండి. ఒకటి పాలన దారి: క్లాస్ ఇన్‌చార్జి, కోఆర్డినేటర్, వైస్ ప్రిన్సిపాల్, ప్రిన్సిపాల్. రెండోది బోధన దారి: టీచర్, సీనియర్ టీచర్, మెంటర్ టీచర్, అన్ని బ్రాంచీల సబ్జెక్ట్ లీడ్. సబ్జెక్ట్ లీడ్ జీతం వైస్ ప్రిన్సిపాల్ జీతంతో సమానంగా ఉండాలి. అలా లేకపోతే బోధన దారి పేరుకే ఉంటుంది. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) రూపొందించిన ఉపాధ్యాయ వృత్తి ప్రమాణాలు కూడా ప్రగామి, ఉన్నత, కుశల శిక్షక్ అని మెట్లు చూపిస్తాయి. మీ మెట్లు రాసుకునేటప్పుడు ఆ పత్రం పక్కన పెట్టుకోండి.

ప్రతి మెట్టుకూ నాలుగు సంగతులు ఒకే పేజీలో ఉండాలి: కనీస సర్వీసు, చూపాల్సిన ఆధారాలు, పెరిగే జీతం, తగ్గే పీరియడ్లు. సీనియర్ టీచర్ కావాలంటే మూడేళ్ల సర్వీసు, ప్రమోషన్ కోసమే విడిగా చేసే రెండు పాఠాల పరిశీలన, ఒక తరగతి నోటుపుస్తకాలు, తోటి టీచర్లకు చేసిన ఒక సెషన్ అడగొచ్చు. రెండు పరిశీలనల్లో ఒకటి వేరే బ్రాంచి మనిషి చేయాలి. ఇంటి మనుషులు, బంధువులు, ప్రిన్సిపాల్‌కు దగ్గరివాళ్లు అన్న గుసగుస ఆగేది దానితోనే.

పిల్లల మార్కుల్ని ఒక్కటే కొలతగా పెట్టకండి. మన స్కూళ్లలో సెక్షన్లను మార్కుల వారీగా విడగొట్టే అలవాటు ఉంది. టాప్ సెక్షన్ ఇచ్చిన టీచరుకు మార్కులు జూన్‌లోనే వచ్చేసినట్టు. చివరి సెక్షన్‌లో 30 మార్కుల పిల్లల్ని 55కు తెచ్చిన టీచరు జాబితాలో ఎక్కడో కింద ఉంటుంది. చూడాలనుకుంటే జూన్ పరీక్షకూ ఫిబ్రవరి పరీక్షకూ మధ్య తేడా చూడండి.

ఏ బ్రాంచిలో పోస్టు ఖాళీ అయినా, పేపర్లో ప్రకటన వేయడానికి పది రోజుల ముందు అన్ని స్టాఫ్ రూముల నోటీసు బోర్డుల్లో పెట్టండి. అప్లై చేసి రానివాళ్లకు ఎందుకు రాలేదో ఎదురుగా కూర్చుని చెప్పాలి.

ఈ మెట్లు టీచర్లతో ఆగిపోకూడదు. ఇంటర్ చదివిన ఆయమ్మ నర్సరీ అసిస్టెంట్ కావచ్చు, అటెండర్ ల్యాబ్ అసిస్టెంట్ కావచ్చు, ఒక డ్రైవర్ ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి కావచ్చు. పదేళ్లుగా మీ పిల్లల్ని క్షేమంగా ఇంటికి చేర్చినవాడికి అన్ని రూట్లూ తెలుసు, ఏ స్టాపులో ఏ పిల్ల దిగుతుందో తెలుసు.

బీఎడ్ లేనివాళ్లకు సాయం చేయండి. డీఎడ్ పూర్తిచేసి ఉద్యోగంలో ఉన్నవాళ్లకు ఇందిరాగాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం (ఇగ్నో) దూరవిద్య బీఎడ్ ఉంది, రెండేళ్లు, ప్రవేశ పరీక్ష రాయాలి. ఫీజులో సగం స్కూలు భరించవచ్చు: పాసయ్యాక ఒక భాగం, ఇంకో ఏడాది పనిచేశాక మిగతా భాగం. వర్క్‌షాపులకు, పరీక్షలకు జీతంతో సెలవు ఇవ్వండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు మాత్రం ఆఫీసులో అట్టేపెట్టుకోకండి. ఆ పని చేసిన రోజే నమ్మకం పోతుంది. మంచి టీచర్లు సర్టిఫికెట్లు అడిగే స్కూలుకు రావడమే మానేస్తారు.

డీఎస్సీని దాచిపెట్టాల్సిన విషయంగా చూడొద్దు. 2025లో ఆంధ్రప్రదేశ్‌లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చింది. అలాంటి నోటిఫికేషన్ వచ్చినప్పుడల్లా డీఎస్సీ కోచింగ్‌కు పేరున్న అవనిగడ్డకు బయల్దేరే టీచర్లు ప్రతి స్కూల్లో ఉంటారు. సెలవు ఇవ్వనంటే చెప్పకుండా మానేస్తారు, పదో తరగతి మధ్యలో ఆగిపోతుంది. ముందే ఒక నియమం పెట్టుకోండి: ఇన్ని నెలల జీతం లేని సెలవు, నెల ముందు చెప్పాలి, సిలబస్ ఎంతదాకా అయిందో, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో రాసి అప్పగించాలి, ఎంపిక కాకపోతే పాత సర్వీసుతో తిరిగి రావచ్చు. ఎంపికైనవాళ్లను అందరి ముందూ అభినందించి పంపండి. మీ స్కూల్లో పనిచేసినవాళ్లు గవర్నమెంట్ టీచర్లు అవుతున్నారంటే కొత్తవాళ్లు మీ దగ్గర చేరడానికే చూస్తారు.

5. చట్టం ప్రకారం ఇవ్వాల్సినవి

ఇవి బహుమతులు కావు. 20 మంది, అంతకు మించి పనిచేసే చోట పీఎఫ్ తప్పనిసరి. గ్రాట్యుటీ ప్రైవేటు స్కూలు టీచర్లకూ వర్తిస్తుందని 2009 సవరణ చట్టం చెప్పింది, అది 1997 ఏప్రిల్ 3 నుంచి అమలైనట్టే లెక్క. 2022 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. ఐదేళ్ల నిరంతర సర్వీసు నిండితే గ్రాట్యుటీ లెక్క ఇది: చివరి నెల బేసిక్, డీఏ (కరవు భత్యం) కలిపి వచ్చినదాన్ని 26తో భాగించి, 15తో గుణించి, సర్వీసు ఏళ్లతో గుణించాలి. బేసిక్, డీఏ కలిపి 26,000తో పదేళ్లు చేసినవాళ్లకు 1,50,000. దీనికోసం ఏటా కొంత పక్కన పెట్టకపోతే ఒకేసారి ముగ్గురు రిటైరైనప్పుడు వెతుక్కోవాల్సి వస్తుంది. వేసవి సెలవుల జీతం కూడా ఇవ్వండి. మే నెల జీతం ఆపి సెప్టెంబర్‌లో చీర పెడితే ఆ చీర ధర ఎవరి జేబులోంచి వచ్చిందో అందరికీ తెలుస్తుంది.

6. సెప్టెంబర్: సన్మానం

1962 నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్ పుట్టినరోజు సెప్టెంబర్ 5న ఉపాధ్యాయ దినోత్సవం జరుపుకుంటున్నాం. ఆ రోజును పిల్లలకు వదిలేయండి, ఏ బ్రాంచి పిల్లలు ఆ బ్రాంచిలో తమ టీచర్లతో జరుపుకుంటారు. గ్రూపు మొత్తం సభ ఆ తర్వాత ఒక పనిదినాన పెట్టండి. తుమ్మలపల్లి కళాక్షేత్రం, గుంటూరు వేంకటేశ్వర విజ్ఞాన మందిరం లాంటి హాళ్లు కావాలంటే జూన్, జూలైలోనే అడగాలి. హాలు దొరక్కపోతే పెద్ద బ్రాంచి ఆవరణలో షామియానా చాలు, సెప్టెంబర్ వాన సంగతి చూసుకోండి.

ఏర్పాట్లు టీచర్లతో చేయించకండి. సన్మానం అందుకోవాల్సినవాళ్లే ముందురోజు రాత్రి దాకా ఫ్లెక్సీలు కడుతుంటే అది ఇంకో డ్యూటీ. ఆఫీసు సిబ్బంది, ఈవెంట్ వాళ్లు, పేరెంట్స్ కమిటీ చూసుకోవాలి. సభ రెండు గంటలు మించకూడదు, సాయంత్రం 5 లోపు ముగియాలి, గుంటూరు వాళ్లు వెలుగుండగా ఇల్లు చేరాలి.

160 మందిలో ఒక్కరిని "బెస్ట్ టీచర్" అనొద్దు. ఒకరు సంతోషిస్తారు, 159 మంది లెక్కలు వేసుకుంటారు. 5, 10, 15, 20 ఏళ్ల సర్వీసు నిండినవాళ్లందరికీ రిజిస్టర్ చూసి ఇవ్వండి, ఎంపిక అక్కర్లేదు. దానితోపాటు ప్రతి బ్రాంచి నుంచి తోటివాళ్లు పేరు చెప్పిన ముగ్గురు, అందులో ఒకరు తప్పకుండా బోధనేతర సిబ్బంది. అందరికీ అదే వేదిక, అదే శాలువా. ఆయమ్మలకు వేరే వరస, వేరే గిఫ్టు పెడితే పెట్టకపోవడమే నయం.

డబ్బు ఖర్చు లేనిదీ, ఎక్కువ కాలం గుర్తుండేదీ ప్రశంసాపత్రంలోని మాట. సన్మానం పొందేవాళ్లు 24 మంది అనుకుంటే, "అంకితభావంతో విశేష కృషి చేసినందుకు" అని అందరికీ ఒకటే అచ్చు వేయకండి. ఎవరికి ఏం రాయాలో ఆ బ్రాంచివాళ్లను అడిగి రాయండి: "ఏడో తరగతి బి సెక్షన్‌లో చదవడం రాని తొమ్మిదిమందికి రోజూ ప్రార్థనకు ముందు ఇరవై నిమిషాలు కేటాయించి, దసరాకు ముందే తెలుగు వాచకం ధారాళంగా చదివించారు." ఇలాంటి రెండు వాక్యాలు వేదికపై చదవడానికి 45 సెకన్లు చాలు. 24 మందికి 18 నిమిషాలు. యాజమాన్యం ప్రసంగాలన్నీ కలిపి పావుగంట లోపు ఉండాలి. పేర్లు ముందురోజు సంబంధిత వ్యక్తికే చూపించి సరిచూసుకోండి, ఇంటిపేరు తప్పు అచ్చయిన జ్ఞాపిక ఎవరూ ఇంట్లో పెట్టుకోరు.

యాక్రిలిక్ షీల్డు కన్నా కొండపల్లి బొమ్మ ఇవ్వండి. చీర ఇవ్వాలనుకుంటే మంగళగిరి చేనేత ఇవ్వండి, కానీ అందరికీ ఒకే రంగు తెచ్చి యూనిఫాం చేయకండి. దుకాణంలో ఎంచుకునేలా కూపన్ ఇవ్వొచ్చు. సన్మానం పొందేవాళ్ల కుటుంబాలను పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టండి. ఫొటోలు స్కూలు ప్రచారానికి వాడేముందు వాళ్లను అడగాలి.

7. ఫిబ్రవరి: వచ్చే ఏడాది ఉత్తరం

వేరే స్కూళ్ల నుంచి పిలుపులు సంక్రాంతి దాటాక మొదలవుతాయి. మీ ఉత్తరం ఫిబ్రవరి 15 లోపు టీచరు చేతిలో ఉండాలి. అందులో వచ్చే ఏడాది బ్రాంచి, తరగతులు, పీరియడ్లు, హోదా, జీతం, ఈ ఏడాది పూర్తిచేసిన శిక్షణ గంటలు ఉండాలి. ఏప్రిల్‌లో అడిగిన రెండేళ్ల కోరిక ఎంతవరకు వచ్చిందో కూడా రాయండి. వీలుపడనిది ఉంటే కారణం రాయండి.

వెళ్లిపోతామన్నవాళ్లతో మాటలు వాళ్ల ప్రిన్సిపాల్ కాకుండా వేరే బ్రాంచి కోఆర్డినేటర్ మాట్లాడాలి. "వ్యక్తిగత కారణాలు" అన్న జవాబు దగ్గర ఆగకుండా మూడు విషయాలు అడగండి: పీరియడ్లు ఎన్ని, చివరి ఇంక్రిమెంట్ ఎప్పుడు, ఈ ఏడాది మీ తరగతికి ఎవరైనా వచ్చి కూర్చున్నారా. జవాబులు బ్రాంచి వారీగా అదే రిజిస్టర్‌లో రాసి, మేలో పీరియడ్ల లెక్కకు కూర్చునేటప్పుడు ఆ పేజీ తెరిచి పెట్టుకోండి.